14 అంతస్తులు గీసి చెడ్డాను, మీరు ఒక్కటే గీయండి

నా జిరాక్స్ షాపులో లామినేషన్ మెషీన్ కింద ఒక బాక్స్ ఫైలు ఉంటుంది. దాని నిండా గ్రాఫ్ షీట్లే. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల ఆట కోసం గీసిన 14 అంతస్తుల నేలమాళిగ, 612 గదులు, ప్రతి గదికీ నంబరు, ప్రతి నంబరుకీ ఎదురుగా ఏ పెట్టెలో ఎన్ని నాణేలున్నాయో రాసిన చిట్టా. నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చుని గీశాను. మావాళ్ళు తొమ్మిది ఆదివారాలు ఆడి, రెండో అంతస్తు సగంలో ఉండగా, మందుల షాపు తమ్ముడు పాచికలు చేతిలో పట్టుకుని, "గురూ, ఏటీ అనుకోకు. ఇంకా ఎన్ని గదులున్నాయేటి?" అన్నాడు. చెప్పాను. వాడు మారు మాట్లాడలేదు. పై ఆదివారం రాలేదు.

ఆ రాత్రి షట్టరు దించాక లెక్క వేశాను. వారానికి ఏడు గదులు చూస్తే 612 గదులకి 88 ఆదివారాలు. మా విజయనగరంలో ఆదివారాలు అంత చవగ్గా దొరుకుతాయా? పెళ్ళిళ్ళ సీజనులో బావ కనబడడు. సెమిస్టరు పరీక్షలకి బీటెక్ కుర్రాళ్ళు మాయం. సిరిమానోత్సవం ముందు రెండు వారాలు ఫ్లెక్సీల పనితో నాకే తీరదు. ఏడాదికి 35 ఆటలు పడితే గొప్ప. అంటే నేను గీసింది రెండున్నరేళ్ళ శిక్ష.

మీరూ ఇలాంటి పెద్ద నేలమాళిగతో ఆట నడపాలనుకుంటే, ఆ ఫైలు నాకు నేర్పిన పద్ధతి చెబుతాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు ఆ లోకాన్ని నడుపుతారు. డంజన్ మాస్టర్ అంటారు, మా షాపులో మాత్రం సూత్రధారి. మిగతావాళ్ళు తలొక పాత్ర వేస్తారు. "తలుపుకి చెవి ఆనించి వింటాను" అని ఆటగాడంటే, ఏం వినబడిందో సూత్రధారి చెబుతాడు. అనుమానం ఉన్నచోట పాచిక తేలుస్తుంది. అంతే.

నేలమాళిగ పిచ్చి ఈ ఆటకి పుట్టుకతో వచ్చింది. అమెరికాలో 1970ల మొదట్లో డేవ్ ఆర్నెసన్ అనే ఆయన బ్లాక్‌మూర్ అనే ఊహాకోట కింద సొరంగాలు గీసి స్నేహితులని దింపాడు. అది చూసి గ్యారీ గైగాక్స్ తన ఊళ్ళో గ్రేహాక్ కోట గీయడం మొదలుపెట్టి ముందు సొంత పిల్లలతో ఆడించాడు. వాళ్ళిద్దరూ కలిసి చేసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అచ్చయింది. నేను ఆలస్యంగా గమనించిన సంగతి ఒకటుంది. గైగాక్స్ అన్ని అంతస్తులూ గీసేసుకుని కూర్చోలేదు. ఆటగాళ్ళు దిగుతున్నకొద్దీ గీసుకుంటూ పోయాడు. మనం మాత్రం అచ్చయిన లావుపాటి పుస్తకాలు చూసి, ముందే అంతా ఉండాలనుకుంటాం. 2004లో ఒకటొచ్చింది, 800 పేజీల పైమాట, అప్పటి ధర 100 డాలర్లు. 2018లో వచ్చిన అండర్‌మౌంటెన్ పుస్తకంలో 23 అంతస్తులు. అవి చదువుకోవడానికి ఎంతో బాగుంటాయి. నాకూ అలా చదివే ఈ రోగం పట్టింది.

పెద్ద నేలమాళిగ మీద అంత మోజు ఎందుకంటే, అది ఆటగాళ్ళకి ఒక ఊరిలా అలవాటవుతుంది. మామూలు సాహసకథలో ఒక గుహకి వెళతారు, రాక్షసుణ్ణి చంపుతారు, మళ్ళీ ఆ గుహ మొహం చూడరు. ఇక్కడ అదే మెట్లు ఇరవైసార్లు దిగుతారు. మావాళ్ళు ఒక మెట్లదారికి "అత్తారింటి మెట్లు" అని పేరు పెట్టుకున్నారు, ఎక్కేటప్పుడు ఎప్పుడూ ఎవరో ఒకరు కుంటుతూ ఎక్కుతారు కాబట్టి. ఆ పేరు నా నోట్సులో లేదు. వాళ్ళ మ్యాపులో ఉంది.

ఇంకొకటి, ఎంత ప్రమాదం కావాలో ఆటగాళ్ళే తేల్చుకుంటారు. లోతుకి వెళ్ళేకొద్దీ బంగారమూ ఎక్కువ, చావూ ఎక్కువ. మూడో అంతస్తుకి దిగి చస్తే ఆ పాపం సూత్రధారిది కాదు. మూడోది, మనలాంటి ఊళ్ళకి ఇదే ముఖ్యం: ఆ వారం ఎవరొస్తే వాళ్ళు దిగుతారు. రానివాళ్ళు ఊళ్ళో ఉండిపోయారనుకుంటాం. కథ ఆగదు.

కానీ ఈ మూడో సుఖం దక్కాలంటే ఒక నియమం కచ్చితంగా పెట్టాలి. ప్రతి ఆటా ఊళ్ళో మొదలై ఊళ్ళోనే ముగియాలి. మేం రెండింటికి షట్టరు సగం దించి కూర్చుంటాం, అయిదింటికి లేస్తాం. నాలుగున్నరకి గంట కొట్టినట్టు చెప్పేస్తాను, "తిరుగు ప్రయాణం" అని. అయిదయ్యేసరికి పాత్రలు ఇంకా లోపలే ఉంటే ఒక్కొక్కరూ ఒక పాచిక వేయాలి. ఒకటి పడితే ఆ పాత్ర దారి తప్పినట్టు. పై ఆటలో మిగతావాళ్ళు వెతుక్కోవాలి. ఈ నియమం లేనప్పుడు మూడు వారాలు వరసగా ఒకే గదిలో ఇరుక్కున్నాం. ఎందుకంటే ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకే ఆదివారం రారు.

కాబట్టి మొదట గీయాల్సింది ఊరు. పెద్దదక్కర్లేదు. ఒక సత్రం, దొంగసరుకు కొనే కంసాలి, గాయాలకి కట్టుకట్టే ముసలమ్మ, శిస్తు అడిగే కరణం. ఈ నలుగురికీ నేలమాళిగ గురించి తలో పుకారు తెలిసుండాలి. వాటిలో ఒకటి అబద్ధం అయ్యుండాలి. మన వైపు ఏ పాత కోట దగ్గర నిలబడినా, "లోపల్నించి సొరంగం ఉంది బాబూ, మా తాత చూసేడు" అనే పెద్దాయన ఒకరు తగులుతారు. ఆయన్ని అలాగే తీసుకొచ్చి సత్రం అరుగు మీద కూర్చోబెట్టండి. అంతకన్నా మంచి పుకారు మీరు కల్పించలేరు.

ఇక మొదటి అంతస్తు. నా షాపులో అమ్మే ఏ4 గ్రాఫ్ షీటు మీద దాదాపు 18 సెంటీమీటర్ల వెడల్పు, 25 సెంటీమీటర్ల పొడవు గళ్ళు ఉంటాయి. అర సెంటీమీటరుని పది అడుగులు అనుకుంటే 360 అడుగులకి 500 అడుగుల అంతస్తు ఒక్క షీటులో పడుతుంది. ముప్పై గదులు సుఖంగా పడతాయి. రెండో షీటు ముట్టుకోవద్దు. చేయి దురద పెడితే కిందకి దిగే మెట్లు మాత్రం గీసి, వాటి పక్కన "చల్లటి గాలి, కాలిన నూనె వాసన" అని రాసుకుని పెన్ను మూయండి.

గదుల్లో ఏముండాలో తేల్చడానికి 1981లో వచ్చిన ఈ ఆట బేసిక్ నియమాల పద్ధతి ఇప్పటికీ నాకు తెలిసినవాటిలో మేలైనది. గదికొక ఆరుముఖాల పాచిక. 1, 2 పడితే ఏదో జీవి, 3 పడితే ఉచ్చు, 4 పడితే వింత, 5, 6 పడితే ఖాళీ. అంటే ముప్పై గదుల్లో పది ఖాళీగా ఉంటాయి. నా 612 గదుల్లో ఒక్కటీ ఖాళీ లేదు. ప్రతి గదిలోనూ ఎవడో కత్తి పట్టుకుని కూర్చున్నాడు. దాంతో మావాళ్ళు జనాభా లెక్కలకి వచ్చిన మాస్టార్లలా వరసగా తలుపు తట్టుకుంటూ పోయారు. "ఇది గుహా, గవర్నమెంటాఫీసా గురూ? గది ఎనకాల గది" అని బీటెక్ కుర్రాడు విసుక్కున్నాడు.

ఖాళీ గది అంటే ఏమీ లేని గది కాదు. ఇప్పుడు నేను నడుపుతున్న నేలమాళిగలో ఒక ఖాళీ గది ఉంది. అందులో రుబ్బురోలు ఒక్కటే ఉంది. పొత్రానికి పిండి అంటుకుని ఉంది. పిండి ఇంకా తడిగా ఉంది. నేను చెప్పిందింతే. ఆ మాట విన్నాక మావాళ్ళు దివిటీ ఆర్పేసి పావుగంట గుసగుసలాడుకున్నారు. ఆ అంతస్తులో వాళ్ళని అంత భయపెట్టింది మరొకటి లేదు, ట్రోల్ అనే రాక్షసుడు సహా.

దారులు గీయడం దగ్గర చాలామంది చేసే తప్పు ఒకటే: ఒక వాకిలి, ఒక నడవా, చివర ఒక మెట్లవరస. అది రైలుపెట్టె. మన మండువా ఇళ్ళు చూడండి. వీధి గుమ్మం ఉంటుంది, పెరటి గుమ్మం ఉంటుంది, మండువా చుట్టూ ఎటునుంచైనా ఎటైనా తిరగొచ్చు. విజయనగరం కోటకే రెండు ద్వారాలున్నాయి. తూర్పున నగారాఖానా ఉన్న పెద్ద ద్వారం, పడమట చిన్నది. ఆ పడమటి ద్వారం రాజకుటుంబం సమాధుల వైపు తీస్తుంది. నేలమాళిగ గీసేవాడికి ఇంకేం కావాలి? ఎదురు ద్వారం దగ్గర కాపలా, వెనక ద్వారం బయట సమాధులు, ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం. ఈ విద్యలో అందరూ తలుచుకునే పేరు జెనెల్ జాక్వేస్. ఆవిడ 1979లో గీసిన థ్రేసియా గుహలు అనే నేలమాళిగలో పైకీ కిందకీ ఎన్నో దారులు, ఒకదాన్ని తప్పించుకుని ఇంకోదాంట్లోంచి రావచ్చు. నేను పెట్టుకున్న కొలత: అంతస్తుకి రెండు ప్రవేశాలు, కిందకి మూడు దారులు, తిరిగి తిరిగి మొదటికొచ్చే చుట్టుదారి కనీసం ఒకటి. మూడు దారుల్లో ఒకటి ఎవరికీ కనబడకపోయినా ఫర్వాలేదు. కనబడిన రోజు పండగ.

లోపల ఉండేవాళ్ళు ఎందుకున్నారో, ఏం తింటున్నారో మీకు తెలియకపోతే ఆటగాళ్ళు పసిగడతారు. మా మేనకోడలు మొదటి ఆటలోనే, "మావయ్యా, ఈ గోబ్లిన్లు నీళ్ళెక్కడ తాగుతాయి?" అని అడిగింది. (గోబ్లిన్లంటే పొట్టి రాక్షసులు.) నా దగ్గర జవాబు లేక దగ్గాను. ఇప్పుడు ముందు నీళ్ళ చోటు గీసి, దానికోసం కొట్టుకునే రెండు మూడు ముఠాలని పెడతాను. చెరువు నీటి కోసం రెండు పేటలు తగవుపడ్డం చూసినవాళ్ళకి ఇది ఒకరు నేర్పక్కర్లేదు. నా మొదటి అంతస్తులో బావి గోబ్లిన్ల చేతిలో ఉంది, పుట్టగొడుగుల గది కుక్కమూతి కోబోల్డుల చేతిలో ఉంది. ఒకరికి తిండి లేదు, ఒకరికి నీళ్ళు లేవు. మధ్యలో మనవాళ్ళు.

అలా ఉన్నప్పుడు ఎదురుపడ్డ ప్రతివాడూ కత్తి దూయడు. పాత నియమాల్లో దీనికీ పాచికలున్నాయి. రెండు ఆరుముఖాల పాచికలు కలిపి వేస్తే, 2 పడితే మీదకి దూకుతాడు, 12 పడితే ప్రాణస్నేహితుడవుతాడు. 36లో 16సార్లు 6, 7, 8లలో ఏదో ఒకటి పడుతుంది. అంటే వాడు ఎటూ తేల్చుకోలేక మొహం చూస్తుంటాడు. ఆట అక్కడ ఉంది. మా మందుల షాపు తమ్ముడు (పాత ఫైలు మూసేశానని చెబితే తిరిగొచ్చాడు) ఒకసారి గోబ్లిన్ పెద్దతో ఉప్పు బేరం మొదలుపెట్టాడు. గోబ్లిన్ తరఫున నేను, "ఉప్పు కుంచెడిత్తావా, అడ్డెడిత్తావా?" అన్నాను. "ముందు దారి ఒగ్గు, తరవాత కొలుత్తాను" అన్నాడు వాడు. ముప్పావు గంట నడిచింది. ఒక్క కత్తి దూయలేదు. ఇప్పటికీ ఆ ముఠాకి నెలకోసారి ఉప్పు పంపాలి, మరిచిపోతే బావి దారి మూసేస్తారు.

కాలం లెక్క లేకపోతే మాత్రం పైన చెప్పినవన్నీ దండగ. తొందర లేనివాడు ప్రతి రాయీ తట్టి చూస్తాడు, ప్రతి గోడా నాకి చూస్తాడు. నేను బల్ల మీద ఆరు అగ్గిపుల్లలు పెడతాను. ఒక పుల్ల అంటే పది నిమిషాలు. ఆరూ తీసేస్తే ఒక దివిటీ అయిపోయినట్టు. గది వెతికితే ఒక పుల్ల, జాగ్రత్తగా నడవా దాటితే ఒక పుల్ల. రెండు పుల్లలకోసారి పాచిక వేస్తాను, 1 పడితే ఎవరో ఇటే వస్తున్నారు. "ఇంకో పుల్ల ఖర్చుపెట్టి వెతుకుతారా?" అని అడిగితే చాలు, బల్ల దగ్గర గొంతులు తగ్గుతాయి. ఒకసారి ఆట మధ్యలో నిజంగానే కరెంటు పోయింది. ఇన్వర్టరు ఆన్ చేయబోతే అందరూ కలిసి నా చెయ్యి పట్టుకున్నారు.

బంగారం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ ఆట అయిదో ఎడిషన్ మామూలు పద్ధతిలో జీవుల్ని ఓడించినందుకు, పాత్ర బలపడడానికి పనికొచ్చే అనుభవ పాయింట్లు వస్తాయి. పెద్ద నేలమాళిగకి అది సరిపడదు, కనబడినవాణ్ణల్లా నరుక్కుంటూ పోవడమే లాభమవుతుంది. పాత నియమం పెట్టుకోండి: ఊరికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో పాయింటు. అప్పుడు దొంగిలించడం, బేరమాడడం, పారిపోవడం, ఇవన్నీ తెలివైన పనులైపోతాయి. మోసుకురావడమన్నది మరిచిపోవద్దు. కంచు విగ్రహం దొరికిన రోజు మా బావ దాన్ని అత్తారింటి మెట్ల మీదుగా ఎలా ఎక్కించాలో కాగితం మీద కప్పీలు గీసి మరీ లెక్కలు కట్టాడు. బ్యాంకులో పనిచేస్తాడు, ఇంజనీరు కావాలనుకున్న మనిషి.

వర్ణన దగ్గర కొలతలు అప్పజెప్పకండి. "ఉత్తరానికి ఇరవై అడుగులు, ఎడమ చేతికి తలుపు, మళ్ళీ తూర్పుకి ముప్పై" అని నేను చదువుతుంటే అవతల బావ రాసుకుంటూ ఉండేవాడు. అది ఆట కాదు, డిక్టేషన్. ఇప్పుడు నడవాలు నేనే వాళ్ళ కాగితం మీద గీసేస్తాను. పేర్లు, గుర్తులు, హెచ్చరికలు వాళ్ళు రాసుకుంటారు. నోటితో చెప్పేది వాసన, చప్పుడు, కాలికింద తగిలేది. కొత్తవలస మీదుగా వెళ్ళే కిరండోల్ రైల్లో ఒకసారి బొర్రా గుహలకి వెళ్ళి, జనానికి దూరంగా రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని నిలబడండి. రంగు లైట్లు మరిచిపోండి. నీటి చుక్కలు ఎక్కడెక్కడ ఎంత దూరంలో పడుతున్నాయో చెవికి తెలుస్తుంది. ఆ గుహల్ని తొలిచింది గోస్తని నీళ్ళే. లంబకోణం ఒక్కటీ కనబడదు. నేను తిరిగొచ్చి స్కేలు పక్కన పడేశాను.

ఆట అయ్యాక పదిహేను నిమిషాల పని ఉంటుంది. చాలామంది ఎగ్గొట్టేది దీన్నే. ఆ రోజు మ్యాపు ముందు పెట్టుకుని, ఏ గది ఖాళీ అయింది, ఆ ఖాళీలోకి ఎవరొస్తారు, శవాలని ఎవరు తీశారు, మనవాళ్ళ మీద ఎవరికి కోపమొచ్చింది అని రాసుకోండి. మావాళ్ళు మెట్ల దగ్గర కాపలా కోబోల్డుల్ని చంపి వెళ్ళారు. పై వారం వచ్చేసరికి అక్కడ నేల కడిగి ఉంది, గోబ్లిన్ ఒకడు పీట వేసుకుని కూర్చున్నాడు, మనిషికి ఒక వెండి నాణెం టోలు. నాకు అయిన ఖర్చు నాలుగు వాక్యాలు. కొత్త అంతస్తు గీసిన దానికన్నా మావాళ్ళకి అది ఎక్కువ నచ్చింది.

ఇన్ని చేసినా పోని లోపాలున్నాయి. నేలమాళిగలో పాత్రల సొంత బతుక్కి చోటు తక్కువ. మేనకోడలు ఒకరోజు నెమ్మదిగానే అంది, "నా పాత్రకి ఊళ్ళో అమ్మ ఉందని రాసుకున్నాను మావయ్యా. ఎనిమిది వారాలైంది, ఆవిణ్ణి ఒక్కసారీ చూపించలేదు." అప్పట్నుంచి మొదటి ఇరవై నిమిషాలు ఊరికే కేటాయించాను. అయినా చాలదు, తెలుసు. ఇంకొకటి, చీకటి, రాయి, తడి నెలల తరబడి వింటే ఎవరికైనా మొహం మొత్తుతుంది. ప్రతి ఆరేడు ఆటలకోసారి బయట ఏదో పని పెడతాను, పడవ ప్రయాణమో తీర్థమో. మీ బల్ల దగ్గర నలుగురూ రాజకీయం, ప్రేమలు, కుట్రలు ఇష్టపడేవాళ్ళయితే, ఈ కట్టడం జోలికే పోకండి. వాళ్ళకోసం ఒక ఊరు గీస్తే సరిపోతుంది.

పాత ఫైలు పారేయలేదు. అందులోంచి ఇప్పటికి తొమ్మిది గదులు దొంగిలించి వాడాను. ఇప్పుడున్న నేలమాళిగకి రెండు అంతస్తులున్నాయి, మూడోదానికి నాలుగు గదులే గీశాను. ఈ ఆదివారం మావాళ్ళు మెట్లు ఒగ్గేసి గోబ్లిన్ల బావిలోంచి దిగుతారట. బావ తన పాత్రకి 50 అడుగుల తాడు కొన్నానని పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. బావి లోతు 60 అడుగులని నేనింకా ఎవరికీ చెప్పలేదు.